అరుంధతి కనిపించని ఊళ్లో ఫోకస్ లైట్లు

మొన్న వైశాఖంలో హైదరాబాద్ శివారు ఫంక్షన్ హాల్లో మా మేనకోడలి పెళ్లి. తాళి కట్టాక పంతులుగారు ఇద్దర్నీ లాన్‌లోకి తీసుకొచ్చి, ఉత్తరం వైపు వేలు చూపించి అరుంధతిని చూడమన్నారు. పైన బూడిద రంగు తప్ప ఏమీ లేదు. లాన్ చుట్టూ రాయల్ పామ్ చెట్లు, ఒక్కో చెట్టు మొదట్లో రెండేసి ఫోకస్ లైట్లు, అన్నీ నిట్టనిలువుగా పైకి. సన్నటి మానుకు తగిలే వెలుగు కాసింతే, మిగతాదంతా ఆకాశంలోకి. "కనపడట్లేదండీ" అంది పిల్ల. "కనిపించిందనుకో తల్లీ" అన్నారాయన.

ఆ మాట నాకింకా మనసులోంచి పోవట్లేదు.

రాత్రిపూట కట్టడానికి అందం తెచ్చేది నీడ. చార్మినార్ దగ్గరికెళ్లి పైకి చూడండి. 1591 నాటి గచ్చు పని, గోడలోంచి కాస్త ఉబ్బెత్తుగా లేచిన పువ్వులు. గోడకు ఆనించినట్టు కింది నుంచి సన్నగా లైటు వేస్తే ఒక్కో రేకు వెనక నీడ పడి పువ్వు ప్రాణం పోసుకుంటుంది. అదే ఎదురుగా పెద్ద ఫ్లడ్ లైటు పెట్టారా, గోడంతా అట్టముక్కలా చదునైపోతుంది. దానికి తోడు నిమిషానికో రంగు! దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జికి 2020లో రంగుల లైట్లు పెట్టారు. అది ఉక్కు తీగల వంతెన, దానికి నప్పాయి. రాతి కట్టడానికీ, వేప చెట్టుకీ అవే రంగులేమిటి?

లైట్లుంటేనే భద్రత, ఎల్‌ఈడీకి కరెంటు ఖర్చు తక్కువ అంటారు. దారి మీద లైటు ఉండాల్సిందే. కానీ కళ్లలోకి కొట్టే లైటు పక్కనున్న గుంటను కూడా కనపడనివ్వదు. ఖర్చు తగ్గిందని ఒకటి పెట్టాల్సిన చోట పది పెడుతున్నాం. అందులోనూ 6000 కెల్విన్ తెల్ల లైట్లు (కెల్విన్ అంటే లైటు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు, పెరిగేకొద్దీ నీలం వైపు). వాటిలో నీలం పాలు ఎక్కువ, అది గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశమంతా పరుచుకుంటుంది. సప్తర్షుల్లో వశిష్ఠుడు ఎలాగో కనిపించినా, పక్కనే మినుకుమనే అరుంధతి ఆ వెలుగులో మునిగిపోతుంది.

చెరువుల కబ్జాలు తొలగించడానికి 2024లో హైడ్రా పెట్టుకున్నాం. తలమీది ఆకాశాన్ని కబ్జా చేస్తుంటే అడిగే దిక్కు లేదు. చెరువు ఎంత ఉమ్మడి ఆస్తో చీకటీ అంతే. ఫ్రాన్స్‌లో 2018 నాటి ఉత్తర్వు ప్రకారం కట్టడాలకు వేసే అలంకరణ లైట్లు రాత్రి ఒంటిగంటకల్లా ఆర్పేయాలి. మన పక్క మహారాష్ట్రలో పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో డార్క్ స్కై పార్క్, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే చోటు అన్న గుర్తింపు వచ్చింది, చుట్టుపక్కల ఊళ్లలో వీధి దీపాల మొహం కిందికి తిప్పారు.

మనం ఫంక్షన్ హాళ్లతో మొదలుపెట్టవచ్చు. లైసెన్సు రెన్యువల్‌కి మూడు షరతులు చాలు: ప్రతి లైటూ కిందికే చూడాలి, 3000 కెల్విన్ దాటకూడదు, పంతులుగారు అడిగినప్పుడు లాన్ మొత్తానికి ఒకే స్విచ్చుతో ఆరిపోవాలి.