తలుపు దగ్గర ఆగిపోయిన రాణి

ఇంగ్లండ్ రాణి కరోలిన్ మీద మీరు వేసిన వ్యాసంలో ఆమె ఇటలీ జీవితం గురించి ఇంత రాశారు, భర్త నాలుగో జార్జి రాజు గురించి రెండు వాక్యాలతో సరిపెట్టారు. నాకు బాధ కలిగింది. 1785లోనే మరియా ఫిట్జ్‌హెర్బర్ట్‌ను రహస్యంగా పెళ్లాడిన మనిషి, అది చట్టం ముందు చెల్లదు కాబట్టి, 1795లో అప్పులు తీరడం కోసం కరోలిన్‌ను చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి దూరం పెట్టాడు. 1817లో కూతురు షార్లెట్ పురిట్లో పోతే తల్లికి ఒక్క ముక్క రాయలేదు.

1820లో రాజయ్యాక చర్చి ప్రార్థనల్లోంచి ఆమె పేరు తీయించాడు. రాణి హోదా, పెళ్లి రెండూ రద్దు చేసే బిల్లు తెచ్చారు. పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో ఆ బిల్లుకు చివరికి దక్కిన ఆధిక్యం 9 ఓట్లు. జనం ఆమె వైపు ఉన్నారని తెలిసి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. వ్యాసంలో ఈ మాటే లేదు!

1821 జులై 19న భర్త పట్టాభిషేకానికి వెళ్తే వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చి తలుపు దగ్గర ఆమెను టికెట్ అడిగారు. కట్టుకున్న భార్యను! ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మూడు వారాలు తిరగకుండానే కన్నుమూసింది. శవపేటికపై ‘అన్యాయానికి గురైన ఇంగ్లండ్ రాణి’ అని ఉండాలన్నది ఆమె కోరిక.