చివరి మీటరు మహిమ

హోమ్ థియేటర్ కొనేటప్పుడు ముందుగా స్పీకర్లు చూడాలా, గది చూడాలా అని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు. చూడవలసింది గోడకూ యాంప్లిఫయరుకూ మధ్య ఉండే పవర్ కేబులును. బొటనవేలి మందాన, పట్టుదారం అల్లికతో, బంగారు పూత పిన్నులతో మఖ్మలు పెట్టెలో పవళించి ఉంటుంది. కరెంటు ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తు కూడా దాని మీద ఉంటుంది. 50 హెర్ట్‌జ్ ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటుంది. ఇకనైనా బాణం చూసి బుద్ధి తెచ్చుకుంటుందని ఆశిద్దాం.

విద్యుత్ కేంద్రం నుంచి కిలోమీటర్ల కొద్దీ అల్యూమినియం తీగల వెంట నానా ట్రాన్స్‌ఫార్మర్లూ దాటుకుంటూ వచ్చిన కరెంటు, ఈ చివరి మీటరులో తలంటు పోసుకుని లోపలికి అడుగుపెడుతుందట. లోపల డయోడ్లు దాన్ని ఒకే దిశలో పోయే డీసీగా మార్చేస్తాయి, మిగిలిన అలలను కెపాసిటర్లు అణిచేస్తాయి. ఈ సంగతి నిపుణుడి దగ్గర ఎత్తకండి.

నిపుణుడు సోఫా నడిమధ్యన కూర్చుంటాడు. మిమ్మల్ని అంచున కూర్చోబెడతాడు. పాట పెట్టి, ఆపి, బల్ల వెనక్కి దూరి కేబులు మార్చి, మోకాళ్ల దుమ్ముతో లేచి, మళ్లీ అదే పాట పెట్టి కళ్లు మూసుకుంటాడు. "తంబురా వెనక నిశ్శబ్దం నల్లబడింది, గమనించారా?" అంటాడు. లేదన్నారా, లోపం మీ చెవులది. చెవులు బాగానే ఉన్నాయంటారా, కేబులు ఇంకా కుదురుకోలేదు, కొన్ని వందల గంటలు పట్టవచ్చు. ఏ కేబులు తగిలించారో తెలియకుండా విందామంటే మాత్రం నొచ్చుకుంటాడు. నమ్మకం లేనివారి ముందు అది పలకదట.

ఇంతలో స్పీకర్లలో "బుయ్" మని హమ్ మొదలవుతుంది. కటింగ్ ప్లయరు తెచ్చి, ఆ బంగారు పిన్నుల్లో మూడోదాన్ని తీసేద్దాం, హమ్ పోతుంది అంటాడు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. అది ఎర్త్ పిన్ను. లోపల ఫేజ్ తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలితే, కరెంటు ఆ దారినే పోయి ఫ్యూజు ఎగరాలి. ఆ దారి కోసేస్తే, పెట్టెను ముట్టుకున్న మనిషి ఒళ్లే దారి. ముట్టుకునేది పసిపిల్ల కూడా కావచ్చు! హమ్ చాలాసార్లు గ్రౌండ్ లూప్ వల్ల, అంటే పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కు కలవడం వల్ల వస్తుంది, తరచుగా కేబుల్ టీవీ తీగ వెంట. ఆ తీగ పీకి చూడు. హమ్ ఆగితే, ఆ తీగ వెంట ఉన్న దారిని మాత్రం విడదీసే ఐసొలేటరు ఒకటి దానికి పెట్టు. పరికరాలన్నిటికీ ఒకే చోట నుంచి కరెంటు ఇవ్వు. ఈమాత్రం తెలియనివాడు ఇంకొకరి ఇంట్లో ఎర్త్ కోయడానికి ఎవడు?

సర్జ్ ప్రొటెక్టరు కొన్నానులే అని ధీమా పడవద్దు. ఉన్నట్టుండి ఎగసే వోల్టేజీ పోటును మళ్లించడానికి దానికీ ఎర్తే కావాలి. అసలు మీ గోడ సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. నిపుణుడిని అడిగితే, అది ధ్వనికి సంబంధించిన విషయం కాదంటాడు.