పెద్దవాళ్లతో ఆర్వీ యాత్రా? బస పార్కు బయటే చూడండి

వేసవి రాగానే నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఎందరో తల్లిదండ్రులు అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళతారు. రోహిణి కార్తె ఎండలు తప్పాయన్న సంతోషంలో వాళ్లుండగానే, జులై 4 సెలవుకు ఆర్వీ అద్దెకు తీసుకుని కొండలకు వెళదామని పిల్లలు అంటారు. పడకలు, వంటగది, మరుగుదొడ్డి లోపలే ఉన్న పెద్ద బండి అది. సినిమా షూటింగుల దగ్గర తారలకు ఉండే క్యారవాన్ అంటే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బండి ఏది తీసుకోవాలన్న దాని మీద ఇంట్లో రోజుల తరబడి చర్చ నడుస్తుంది. రాత్రిళ్లు దాన్ని నిలిపే క్యాంప్‌గ్రౌండ్‌ను మాత్రం ఎవరో ఒకరు ఫోన్లో నాలుగు ఫొటోలు చూసి, నిలుచున్నపాటున ఖాయం చేసేస్తారు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

కొండకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని, నేషనల్ పార్కు లోపలే సైటు, అంటే బండి నిలుపుకునే స్థలం, దొరికితే ఇక వేరే ఆలోచనే అక్కర్లేదని పిల్లలు అనుకుంటారు. ఇద్దరు యువకులు వెళ్లే యాత్రకు అది సరిపోతుందేమో గానీ, మోకాళ్ల నొప్పుల తల్లి, బీపీ మాత్రల తండ్రి, పాలు తాగే పసిబిడ్డ ఉన్న కుటుంబానికి ఏమాత్రం పనికిరాదు. కరెంటు, మంచినీళ్లు, మురుగునీరు పోయే గొట్టం, ఈ మూడూ బండి నిలిపిన చోటికే వస్తాయా అని ముందు అడగాలి. మూడూ ఉంటే దాన్ని అక్కడ ఫుల్ హుకప్ అంటారు. కొండ ఎంత దూరమన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

అట్లాంటా, షార్లెట్ వైపు ఉన్నవాళ్లకు కారులో చేరగలిగినంత దూరంలో ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కునే తీసుకుందాం. పార్కు లోపలి కేడ్స్ కోవ్, ఎల్క్‌మాంట్, స్మోక్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్లు అందమైనవన్న విషయంలో నాకు ఎవరితోనూ పేచీ లేదు. కానీ వాటిలో ఎక్కడా ఆర్వీకి హుకప్ ఉండదు, స్నానపు గదులూ ఉండవు. కరెంటు కావాలంటే బండిలోని జనరేటరే దిక్కు. దాన్ని కూడా రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు వేయకూడదు. కొండ ప్రాంతం కనుక చల్లగా ఉంటుందిలే అని ధైర్యం చెబుతారు గానీ, కేడ్స్ కోవ్ క్యాంప్‌గ్రౌండ్ సుమారు 1,800 అడుగుల ఎత్తులోనే ఉంది. అది మన తిరుమల కంటే తక్కువ. జులైలో ఏసీ లేని రేకు బండిలో ఆరుగురు పడుకుంటే ఎలా ఉంటుందో నెల్లూరు వాళ్లకు నేను వివరించనక్కర్లేదు. నిద్రలో శ్వాస ఆగే ఇబ్బందికి రాత్రంతా సీప్యాప్ యంత్రం పెట్టుకునే పెద్దవాళ్లు ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ కనిపిస్తున్నారు. బ్యాటరీ మీద అది తెల్లవార్లూ పనిచేస్తుందో లేదో బుక్ చేసినవాళ్లు ఆలోచించారా?

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. బండిలో 40 గ్యాలన్ల ట్యాంకు ఉందనుకుందాం. మన లెక్కలో అది 150 లీటర్లు. ఆరుగురికి పంచితే మనిషికి పాతిక లీటర్లు. స్నానం, మరుగుదొడ్డి, బియ్యం కడగడం, పప్పుచారు గిన్నె తోమడం అన్నీ అందులోనే కావాలి. మరుగుదొడ్డిలో కాగితంతో సరిపెట్టుకోలేని మన పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ ట్యాంకు రెండో పూటకే అడుగంటుతుంది. పైగా వాడిన నీళ్లు ఇంకో ట్యాంకులో నిండుతుంటాయి, వాటిని నేల మీద వదలకూడదు. అది నిండితే సామానంతా సర్ది, ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టి, బండినే డంప్ స్టేషన్‌కు, అంటే మురుగునీరు వదిలే చోటికి, తోలుకుపోవాలి. పెంచలకోనకో భైరవకోనకో వ్యాను కట్టించుకుని వెళ్లినప్పుడు మనవాళ్లు నీళ్లు ఎక్కడున్నాయో, నీడ ఎక్కడుందో చూసిన తర్వాతే గాడిపొయ్యి తవ్వుతారు. డాలర్లు పోసి వెళ్లే యాత్రలో ఆ పాటి జాగ్రత్త ఎందుకు మరిచిపోవాలి?

కరెంటు ఉన్న చోటు దొరికినా 30 యాంపులా, 50 యాంపులా అని అడగాలి. 30 యాంపుల సైటులో వచ్చేది 3,600 వాట్లు. ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్ వేసి, పక్కనే రైస్ కుక్కర్ పెట్టి, చట్నీకి మిక్సీ కూడా తిప్పితే బ్రేకర్ పడిపోతుంది. 50 యాంపుల సైటులో రెండు లైన్లు వస్తాయి కనుక 12,000 వాట్ల దాకా వాడుకోవచ్చు; రెండు ఏసీలున్న పెద్ద బండ్లకు అదే కావాలి. అద్దెకిచ్చే చిన్న బండ్లు చాలావాటికి 30 యాంపుల ప్లగ్గే ఉంటుంది, అలాంటప్పుడు 50 యాంపుల సైటుకు అదనంగా కట్టిన డబ్బు దండగ.

బయట ఉంటే రోజూ వెళ్లి రావడానికే సమయమంతా పోతుందని పిల్లలు వాదిస్తారు. ఈ వాదన నాకు నిలబడేలా కనిపించదు. పార్కు లోపల ఉన్నా చూడవలసినవన్నీ బండి దగ్గరికి నడిచి రావు. కేడ్స్ కోవ్ లోయ చుట్టూ ఉన్న 11 మైళ్ల రోడ్డు వన్‌వే. ఎలుగుబంటి కనబడిందని ముందు కారు ఆగితే వెనక కార్లన్నీ ఆగుతాయి, చుట్టి రావడానికి గంటలు పడుతుంది. పార్కులోని రోరింగ్ ఫోర్క్ రోడ్డులోకి మోటార్ హోమ్‌లను, అంటే ఇలాంటి బండ్లను, అసలు రానివ్వరు. కాబట్టి ఆర్వీతో పాటు ఒక కారు ఎలాగూ ఉండాలి. అది ఉన్నాక బస కొంత దూరమైతే నష్టమేముంది? పార్కు ప్రవేశానికి రుసుము లేదు గానీ, 15 నిమిషాలకు మించి బండి ఆపాలంటే 2023 మార్చి నుంచి పార్కింగ్ ట్యాగ్ కొనాలి. రోజుకు 5 డాలర్లు, వారానికి 15. కారులో న్యూఫౌండ్ గ్యాప్ దాకా వెళితే 5,046 అడుగుల ఎత్తున, బండి ఆపిన చోటి నుంచే కొండల వరుసలు కనిపిస్తాయి. నడవలేని పెద్దవాళ్లకు కొండను చూపించే పద్ధతి అది. బసకు పార్కు బయటి గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్ ఊళ్ల సందడి నచ్చనివాళ్లకు టౌన్‌సెండ్ అనే చిన్న ఊరు ఉంది. నన్నడిగితే అదే మేలు.

ఏటి ఒడ్డు సైటు మీద కూడా మనవాళ్లకు మోజు ఎక్కువ. 2021 నవంబరులో పెన్నమ్మ కోవూరు దగ్గర హైవేనే కోసేయడం చూసినవాళ్లకు ఆ మోజు ఉండకూడదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను నార్త్ కరోలినా పశ్చిమ కొండల్లో నదుల పక్కనున్న ఆర్వీ పార్కులను ఊడ్చిపెట్టింది. నీటి చప్పుడు వినాలనుకుంటే పగలు వెళ్లి కూర్చోవచ్చు, రాత్రి బండి మాత్రం గట్టు మీదే ఉండాలి.

మన పెద్దవాళ్లకు ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. అన్నం తినే ముందు కాకికి ముద్ద పెట్టడం, మిగిలింది కుక్కకు వేయడం ఇక్కడ పుణ్యం. ఎలుగుబంట్లు తిరిగే ఆ అడవిలో జంతువులకు తిండి పెట్టడం నేరం. వండిన గిన్నె బల్ల మీద వదిలి లోపలికి రావడం కూడా కుదరదు.

పార్కు లోపలే ఉండాలని మంకుపట్టు పట్టేవాళ్లకు ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఫిషింగ్ బ్రిడ్జ్ అనే ఆర్వీ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. ఆ పార్కు మొత్తంలో ఫుల్ హుకప్ ఉన్నది అక్కడే. అయితే అది 7,700 అడుగులకు పైనే ఉంటుంది, వేసవిలోనూ రాత్రిళ్లు గడ్డకట్టే చలి రావచ్చు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లను తీసుకెళ్లే ముందు డాక్టరును అడగడం తప్పనిసరి.

పార్కు బయటి ప్రైవేటు చోట్ల అద్దె ఎక్కువన్నది నిజమే. కానీ స్మోకీ పార్కులో ఒక సైటుకు ఆరుగురికి మించి అనుమతి లేదు. దంపతులు, ఇద్దరు పిల్లలు, రెండు వైపుల తల్లిదండ్రులు కలిస్తే ఎనిమిది మంది అవుతారు. రెండు సైట్లు, రెండు బండ్లు తీసుకోవాలి. చవక అని లోపలికి వెళ్లేవాళ్లు ఈ లెక్క వేసుకున్నాకే డబ్బు కట్టాలి.