సర్పంచ్ పదవికి గొర్రె నామినేషన్

దక్కనీ గొర్రె మీద శాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో ఒకటే ఫిర్యాదు. ఎండకు ఆగుతుంది, ఎంత దూరమైనా నడుస్తుంది, గొంగడికి ఉన్ని ఇస్తుంది. కానీ ఈతకు ఒక్క పిల్లతో సరిపెట్టేస్తుంది. అయిదు నెలలు మోసి ఒక్కటేనా?

అందుకని మహారాష్ట్రలో ఫల్టణ్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు దానికి బెంగాల్ సంబంధం చూశారు. వరుడు సుందరబన్స్ గారోల్ పొట్టేలు. ఆకారం చూస్తే పిల్లంత, వంశం మాత్రం కవలల వంశం. ఈతకు ఒకటి కంటే ఎక్కువ పిల్లల్నిచ్చే ఫెక్-బి అనే జన్యువు వాళ్లింట్లో తరతరాల ఆస్తి. కులం, కట్నం మాట ఎత్తకుండానే పెళ్లి అయిపోయింది. ‘నారి సువర్ణ’ పుట్టింది. దీనికి కవలలు మామూలే. ఇన్ని పిల్లలు ఎందుకని దానికి ఎవరూ చెప్పలేదు. ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడితే మనకు తెలుస్తుంది.

నేను గంభీరంగా ఆలోచించిన విషయం వేరు. ఈ గొర్రె ఆంధ్రప్రదేశ్‌లో ఉండి ఉంటే రెండో ఈతకే దాని రాజకీయ భవిష్యత్తు గల్లంతయ్యేది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారని 1994 నాటి నిబంధన. (మూడోవాణ్ణి ‘మా తమ్ముడి కొడుకు’ అని పరిచయం చేసిన నాయకుల కథలు ఊరికొకటి.) 2024లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు నాయకులే వేదికలెక్కి ఇంకా కనమంటున్నారు. మొన్నటిదాకా నేరం, ఇవాళ దేశసేవ. కాబట్టి గొర్రె నామినేషన్‌కు ఏ అడ్డూ లేదు.

ఒక్క చిక్కుంది. గొర్రెకు చన్నులు రెండే. తల్లికి ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చిందంటే ఒక్కోసారి ముగ్గురూ పుడతారు, మూడోదానికి సీసా పాలే గతి. అది తెలిసే ఫల్టణ్ వాళ్లు పాల కోసం ఇజ్రాయెల్ పాడి గొర్రె అవాసీ రక్తాన్నీ కలిపారు. గొర్రెకు కూడా ముందు పాల లెక్క చూశారన్నమాట! మనకు ముందు ఉపన్యాసం, పాల సంగతి తర్వాత.

ఇదే మా మరదలితో అంటే, “మూడో బిడ్డకు ఎల్‌కేజీ ఫీజు ఎవరు కడతారు బావా?” అంది. ఒక్క కూతురికే ఆవిడకు నెలాఖరులో టెన్షన్. పోటీకి అర్హత ఆవిడకూ ఉంది గానీ, ఏకగ్రీవానికి పనికిరాదు. నేను గొర్రెకే ప్రచారం చేస్తున్నాను. సీసా ఎవరు పట్టుకుంటారని అది ఇంతవరకు అడగలేదు.