ప్రచారానికి విరామం సరే, అధికారానికి విరామం ఏదీ?

ఎన్నికల వేళ ఉగ్రదాడి జరిగినా, విపత్తు విరుచుకుపడినా, మొట్టమొదట వినిపించే మాట 'ఇది రాజకీయాలు మాట్లాడే సమయం కాదు' అన్నదే. అభ్యర్థులు ఒకరి వెంట ఒకరు సభలు రద్దు చేసుకుంటారు. ఎవరు ముందు రద్దు చేశారన్నది సాయంత్రానికల్లా వార్త అవుతుంది. వినడానికి ఎంతో హుందాగా ఉండే ఈ విరామం ఎవరి నోరు కట్టేస్తుందో, ఎవరి చేతికి మైకు అప్పగిస్తుందో గమనిస్తే, దీనిని తప్పనిసరి మర్యాదగా మార్చడం ఓటరుకు చేసే అన్యాయమేనని చెప్పక తప్పదు.

బ్రిటన్‌లో 2017 జూన్ 3 రాత్రి లండన్ బ్రిడ్జి వద్ద దాడి జరిగే నాటికి, మాంచెస్టర్ బాంబు పేలుడులో 22 మంది మరణించి రెండు వారాలైనా కాలేదు. జూన్ 8న పోలింగ్. ప్రధాన పార్టీలు జాతీయ స్థాయి ప్రచారాన్ని నిలిపివేశాయి. దాడి జరిగిన మర్నాడు ఉదయమే ప్రధాని థెరిసా మే తన అధికార నివాసం ముందు నిలబడి జాతిని ఉద్దేశించి మాట్లాడారు. సంతాపం ప్రకటించి లోపలికి వెళ్లిపోతే ఎవరికీ పేచీ ఉండేది కాదు. కానీ ఆమె 'ఇక చాలు' అంటూ ఇంటర్నెట్‌పై నియంత్రణ గురించి, ఉగ్రవాద నేరాలకు జైలు శిక్షల పెంపు గురించి ప్రస్తావించారు. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు, ప్రత్యర్థులు మౌనం పాటిస్తున్న ఉదయాన, దేశమంతా చూస్తుండగా విధానాలు ప్రకటించడాన్ని ప్రచారం అనకపోతే ఇంకేమనాలి? 2010 నుంచి 2016 వరకు హోం శాఖను నడిపింది ఆమే. ఆ కాలంలోనే ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు అధికారుల సంఖ్య దాదాపు 20 వేలు తగ్గింది. ప్రతిపక్ష నేత జెరెమీ కార్బిన్ ఆ సాయంత్రమే మళ్లీ వేదికెక్కి ఈ కోతలను నిలదీశారు కాబట్టి సరిపోయింది. పోలింగ్ దాకా నోరు మెదపకుండా ఉండి ఉంటే, దాడికి నేరుగా సంబంధించిన ఆ ప్రశ్న ఓటరు దాకా చేరేదే కాదు.

స్పెయిన్ అనుభవం ఇంకా ఘాటైనది. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో జరిగిన పేలుళ్లు 190 మందికి పైగా ప్రాణాలు తీశాయి. మూడు రోజుల్లో ఎన్నికలు. పార్టీలన్నీ ప్రచారం ఆపేశాయి. ఆ నిశ్శబ్దంలో ప్రధాని అజ్నార్ ప్రభుత్వం ఇది బాస్క్ వేర్పాటువాద సంస్థ ఈటీఏ పనేనని పదే పదే చెప్పింది. తన రాయబారులకూ అదే చెప్పమంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అదే రోజు ఆమోదించిన తీర్మానంలో సైతం ఈటీఏ పేరు చేర్పించగలిగింది. ఆధారాలు ఇస్లామిక్ తీవ్రవాదుల వైపు చూపుతున్నా, బహిరంగంగా ఖండించాల్సిన పార్టీల వేదికలు మూతబడి ఉన్నాయి. చివరికి జనమే సెల్‌ఫోన్లలో సందేశాలు పంపుకొని 13వ తేదీ రాత్రి అధికార పార్టీ కార్యాలయాల ముందు గుమిగూడి నిజం చెప్పమని నిలదీశారు. మర్నాడు ప్రభుత్వం ఓడిపోయింది. పార్టీలు అడగవలసిన ప్రశ్నను వీధిలోని మనిషి అడగవలసి రావడం విరామం సాధించిన గొప్పతనమేమీ కాదు.

ఇక విరామాన్నే ప్రచారంగా మలచుకునే వారి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2008 సెప్టెంబరు 24న, అమెరికా ఆర్థిక సంక్షోభం నడుమ, రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్ ప్రచారాన్ని నిలిపివేస్తున్నానని, రెండు రోజుల్లో ప్రత్యర్థి ఒబామాతో జరగాల్సిన టీవీ చర్చను వాయిదా వేయాలని ప్రకటించారు. హుటాహుటిన వాషింగ్టన్ వెళ్లాలంటూ డేవిడ్ లెటర్‌మన్ టీవీ కార్యక్రమాన్ని రద్దు చేసుకున్నారు. తీరా లెటర్‌మన్ తన కార్యక్రమం రికార్డు చేస్తుండగానే, మెకెయిన్ న్యూయార్క్‌లోనే మరో ఇంటర్వ్యూ కోసం ముఖానికి మేకప్ వేయించుకుంటున్న దృశ్యం తెరపై కనిపించింది. వాయిదా కోరిన చర్చ అనుకున్న రోజునే జరిగింది, ఆయనా హాజరయ్యారు. అధ్యక్షుడయ్యేవాడు ఒకేసారి ఒకటికి మించిన పనులు చూసుకోగలగాలని ఒబామా విసిరిన చెణుకుకు ఆయన దగ్గర జవాబు లేకపోయింది.

మృతుల కుటుంబాలు కన్నీళ్లలో ఉన్నప్పుడు డప్పులు, ఊరేగింపులు ఏమిటన్న అభ్యంతరం న్యాయమైనదే. పోలీసు బలగాలను సభల బందోబస్తు నుంచి సహాయక చర్యలకు మళ్లించాలన్న వాదనా సబబే. సభే ప్రమాదకరమైనప్పుడు దాన్ని ఆపాల్సిందే. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో దశ విజృంభిస్తుండగా పశ్చిమ బెంగాల్‌లో రోడ్‌షోలను ఎన్నికల సంఘం 22వ తేదీ దాకా నిషేధించకపోవడం ఆలస్యమే తప్ప అతి జాగ్రత్త కాదు. అయితే ఇవన్నీ ప్రచార పద్ధతికి సంబంధించినవి. జనాన్ని పోగు చేయకుండా, డప్పు కొట్టకుండా కూడా ప్రశ్న అడగవచ్చు.

నిజంగా ఎన్నికల వాతావరణమే దెబ్బతింటే దానికి వేరే మార్గముంది. 1991 మే 21న ప్రచారంలో ఉన్న రాజీవ్ గాంధీని శ్రీపెరంబుదూరులో హత్య చేసినప్పుడు, ఎన్నికల సంఘం మిగిలిన పోలింగ్‌ను జూన్ 12, 15 తేదీలకు వాయిదా వేసింది. అది అందరికీ వర్తించిన నిర్ణయం, పోయిన రోజులు తిరిగొచ్చిన నిర్ణయం. తేదీ కదలకుండా అభ్యర్థులు మాత్రమే గొంతు నొక్కుకుంటే, ఆ రోజులు ప్రతిపక్షం ఖాతాలోంచి మాత్రమే తరుగుతాయి.

అసలు ఈ 'సమయం కాదు' అనే మాట ఎన్నికల దగ్గర ఆగేది కాదు. చట్టసభలో అడిగితే సమయం కాదంటారు, విలేకరి అడిగితే సమయం కాదంటారు, సంక్షోభం ముగిశాక అడిగితే పాత గాయాలు కెలకవద్దంటారు. 1962లో చైనాతో యుద్ధం సాగుతుండగానే పార్లమెంటును సమావేశపరచాలని ప్రతిపక్షం, అందులో యువ సభ్యుడైన వాజ్‌పేయీ, పట్టుబడితే నెహ్రూ నవంబరు 8న సభను సమావేశపరిచారు. రహస్య సమావేశం పెట్టుకుందామన్న సూచనను కూడా తోసిపుచ్చారు. సరిహద్దులో సైన్యం వెనకడుగు వేస్తున్న రోజుల్లో, తన ప్రభుత్వ వైఫల్యంపైనే సాగిన ఆ బహిరంగ చర్చను ఆయన కూర్చుని విన్నారు. పోరాటం సాగుతుండగానే పాలకుడు జవాబు చెప్పుకోగలిగినప్పుడు, దాడి జరిగిన మర్నాడు అభ్యర్థి ప్రశ్న అడగడం అపచారం ఎలా అవుతుంది?

అయినా విరామం కావాల్సిందేనని పట్టుబట్టేవారు ఒక షరతుకు ఒప్పుకోవాలి. ప్రచారం ఆగిన రోజుల్లో అధికారంలో ఉన్న అభ్యర్థి నోటి నుంచి సహాయక చర్యల వివరాలు తప్ప కొత్త విధానమేదీ వెలువడకూడదు. ఆ వివరాలు కూడా వీలైనంత వరకు అధికారులే చెప్పాలి. ఆ హద్దు దాటి పాలకుడు జాతినుద్దేశించి ఎన్ని నిమిషాలు మాట్లాడితే, అవే ప్రసార సాధనాల్లో ప్రతిపక్ష అభ్యర్థికి అన్ని నిమిషాలూ అదే రోజు ఎన్నికల సంఘం ఇప్పించాలి.