కనిగిరి గడ్డి గ్యాసుకు కదిలే జల్లెడ

అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో బయోగ్యాస్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. బీడు భూములకు కౌలు ఎంత, నేపియర్ గడ్డి ఎవరు పెంచుతారు, ఉద్యోగాలు ఎన్ని అని అడిగాం. అడగవలసినవే. వచ్చిన గ్యాసును శుద్ధి చేసేదెలా అని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. లాభనష్టాల లెక్కలో దాని వాటా చిన్నది కాదు.

గడ్డి, పేడ కుళ్లితే వచ్చే వాయువులో మీథేన్ సగానికి కాస్త పైన ఉంటుంది. మిగిలినదాంట్లో చాలా వరకు కార్బన్ డయాక్సైడే. గోబర్ గ్యాసు పొయ్యికి అది చాలు. వాహనాల్లో నింపాలంటే మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి. అందుకు వాయువును నీటితో కడుగుతారు, లేదా జియోలైట్ వంటి గుల్ల పదార్థం మీదుగా పంపి కార్బన్ డయాక్సైడ్‌ను దానికి అంటుకునేలా చేస్తారు. ఈ అంటుకోవడమే అధిశోషణం. కొన్ని జియోలైట్లు ఆ కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, దాన్ని వదిలించడానికి వేడి చేయాలి, లేదా పంపుతో లాగేయాలి. కరెంటు ఖర్చు అక్కడే పెరుగుతుంది.

2025 రసాయన శాస్త్ర నోబెల్‌ను తెచ్చిపెట్టిన లోహ-కర్బన చట్రాల్లో (లోహ అయాన్లను కర్బన అణువులతో ముడివేసి కట్టిన, సన్నని రంధ్రాలున్న పదార్థాలు, ఇంగ్లిషులో ఎంఓఎఫ్) ఒక తెగకు ఈ చిక్కు తీర్చే గుణం ఉంది. బహుమతి గ్రహీతల్లో ఒకరైన సుసుము కితగావా, ఇలాంటి చట్రాలు వంగగలవని 1998లోనే ఊహించారు. కొన్ని చట్రాలు ఒక పీడనం వరకు మూసుకుని ఉంటాయి. అది దాటగానే తెరుచుకుని వాయువును నింపుకుంటాయి, పీడనం తగ్గించగానే చాలా వరకు వదిలేస్తాయి. కొలిమి తిత్తిలా అన్నమాట. పైగా అధిశోషణంలో పుట్టే వేడిలో కొంత, చట్రం విప్పారడానికే ఖర్చవుతుంది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త జెరార్ ఫెరే బృందం చేసిన ఎంఐఎల్-53 క్రోమియం చట్రం తీరు వేరు: కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్ చేరగానే ముడుచుకుంటుంది, గది ఉష్ణోగ్రతలో సుమారు 5 బార్ల (మామూలు గాలి పీడనానికి దాదాపు ఐదు రెట్ల) దగ్గర మళ్లీ తెరుచుకుంటుంది. మీథేన్ ఒక్కటే ఉంటే కదలదు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. రెండు వాయువులూ కలిసి వచ్చినప్పుడు, కార్బన్ డయాక్సైడ్ తెరిచిన దారిలో మీథేన్ కూడా దూరుతుంది. విడివిడిగా కొలిచిన అంకెలు చూసి మురిసిపోతే మోసపోతాం. పదేపదే ఉబ్బి ముడుచుకునే పొడిని గుళికలుగా చేస్తే అవి చిట్లవచ్చు. తేమ, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి సరేసరి.

కృష్ణపట్నం దగ్గరి థర్మల్ కేంద్రం పొగకు ఇదే మందు అనలేను. అక్కడ పీడనం తక్కువ, కార్బన్ డయాక్సైడ్ వాటా కూడా తక్కువే. బయోగ్యాస్ పరిస్థితి అంతకన్నా అనుకూలం. కనుక మన విశ్వవిద్యాలయాల రసాయన శాఖలు శుద్ధమైన సిలిండరు గ్యాసుతో ఆగకుండా, కనిగిరి గడ్డి నుంచి వచ్చే తడి వాయువునే ఈ చట్రాల మీదుగా వేలసార్లు పంపి చూడాలి. ప్రతిసారీ ఎంత మీథేన్ జారిపోయిందో, వదిలించడానికి ఎన్ని యూనిట్ల కరెంటు పట్టిందో లెక్కగట్టి, కౌలుకు భూమి ఇచ్చిన రైతులకూ అర్థమయ్యే తెలుగులో ప్రకటించాలి.