విశాఖ–గన్నవరం: గాల్లో గంట, నేల మీద మూడు గంటలు

విశాఖ నుంచి విజయవాడకు విమాన దూరం ఎంతని ఫోన్‌లో వెతికితే దాదాపు 290 కిలోమీటర్లు, గంట ప్రయాణం అని వస్తుంది. అది చూసి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకాయన "రైల్లో నాలుగు గంటలు ఎవడు కూర్చుంటాడ్రా" అని తేల్చేశాడు. గంట ఎవరికండీ? విమానానికి. మనకి కాదు.

మధురవాడలో ఉండేవాళ్లనే తీసుకోండి. ఎయిర్‌పోర్టు ఊరికి అటు చివర, ఎన్‌ఏడీ జంక్షన్ కూడా దాటాక. ట్రాఫిక్ బాగున్నా ముప్పావు గంట. బయల్దేరే టైముకి గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడుండాలి. తర్వాత సెక్యూరిటీ క్యూ, బెల్టు తీయడం, ల్యాప్‌టాప్ తీయడం. విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరంలో దిగాక లగేజీ కోసం కాసేపు, ఆపైన బెంజి సర్కిల్ దాకా హైవే మీద ఇరవై కిలోమీటర్లు. మొత్తం నాలుగు గంటలు దాటుతుంది. వందేభారత్ కూడా దాదాపు నాలుగు గంటల్లోనే చేరుస్తుంది, అదీ ఊరి నడిబొడ్డున దించుతుంది. స్టేషన్‌కి వెళ్లే టైము కలిపినా తేడా అరగంటో గంటో. ఆ కాస్త టైము కోసం అన్ని వేలు పోయాలా?

ఆ గంట కూడా ఎగిరే గంట కాదు. స్టాండు నుంచి కదిలినప్పటి నుంచి అవతల ఆగేదాకా లెక్క. ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోగలదు. కానీ ఇంత దగ్గర ఊళ్ల మధ్య సగం టైము పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికే పోతుంది. పైగా విశాఖ రన్‌వే నేవీది, వాళ్ల ఎగురుళ్లు అయ్యాకే మనవి. విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి మారితే మధురవాడ వాళ్లకి ఫర్వాలేదు గానీ, గాజువాక వాళ్లు యాభై అరవై కిలోమీటర్లు వెళ్లి విజయవాడ విమానం ఎక్కాలి. ఈలోపు రైలు సామర్లకోట దాటేస్తుంది.

విమానం దండగ అనడం లేదు. కర్నూలు నుంచి విశాఖకి వెళ్లి చూడండి. ఆకాశంలో 580 కిలోమీటర్ల పైమాటే, రోడ్డు మీద ఏడొందలకి దగ్గర. రాత్రంతా బస్సులో నడుం విరగాల్సిందే. అక్కడ విమానం నిజంగా ఒక రోజు మిగులుస్తుంది. 2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు విశాఖకి విమానం వేశారు కూడా. చిన్న ఊళ్లకి విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం ఉన్నది ఇలాంటి చోట్లకే. సర్వీసు లేని రోజు ఆ మనిషి ఏం చేయాలి? రెండొందల కిలోమీటర్లు రోడ్డున శంషాబాద్ పోయి, అక్కడ విమానం ఎక్కాలి.

అందుకే నా గోల ఒక్కటే. రైలు ఉన్న దారిలో ఇంకో విమానం వేశామని రిబ్బన్లు కత్తిరించే బదులు, సీమ నుంచి ఉత్తరాంధ్రకి రోజూ ఒక్కటి, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే టైములో నడపండి. ఓర్వకల్లు నుంచి కర్నూలు బస్టాండుకి విమానం టైముకి ఒక ఆర్టీసీ బస్సు పెట్టండి.